మెడలో గడ్డ: చెయ్యి వేస్తే ఏం తెలుస్తుంది

(హౌస్ సర్జన్లు, జూనియర్ డాక్టర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది రేపు పొద్దున్నే ఓపీలో కూర్చునేవాళ్ళు. అందుకని పుస్తకంలో దొరికే వర్గీకరణలు పక్కన పెట్టి, రోగి స్టూలు మీద కూర్చున్న తర్వాత మన కళ్ళూ వేళ్ళూ చెయ్యాల్సిన పని గురించి మాట్లాడతాను. థైరాయిడ్‌లో వచ్చే క్యాన్సర్ కాని గడ్డలు చేతి పరీక్షలో ఎలా తెలుస్తాయి, ఎక్కడ మోసం చేస్తాయి అన్నది ఇవాళ్టి విషయం.

ఇప్పుడు చాలాచోట్ల ఏం జరుగుతోందో మీకు తెలుసు. మెడలో గడ్డ అని చెప్పగానే స్కాన్‌కి చీటీ రాసేస్తున్నాం. రెండు రోజులకి రోగి రిపోర్టు పట్టుకుని వస్తే, అది చదివి ఇంకో టెస్టు రాస్తున్నాం. ఈలోగా ఆ మెడ మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. స్కాన్ చాలా గొప్ప సాధనం, అందులో అనుమానం లేదు. కానీ గొంతు బొంగురుపోయిందా, పడుకుంటే ఊపిరి ఆడటం లేదా, చేతులు వణుకుతున్నాయా, గడ్డ కింది అంచు వేలికి అందుతోందా అనేవి ఆ రిపోర్టులో రావు. వాటిని మనమే చూడాలి.

ముందు ఒక అంచనా కోసం రెండు అంకెలు చెప్తాను. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో జరిగిన ప్రసిద్ధమైన అధ్యయనంలో చేతికి తెలిసే థైరాయిడ్ నాడ్యూల్స్ (గ్రంథిలో వచ్చే గడ్డలు) ఆడవాళ్ళలో 6.4 శాతం మందికీ, మగవాళ్ళలో 1.5 శాతం మందికీ కనిపించాయి. అల్ట్రాసౌండ్‌తో వెతికితే ఈ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. మొత్తం నాడ్యూల్స్‌లో క్యాన్సర్ తేలేవి సుమారు 7 నుంచి 15 శాతం. మిగతావన్నీ కొల్లాయిడ్ నాడ్యూల్స్ (గ్రంథిలోని జిగురు ద్రవం పేరుకున్న గడ్డలు), నీటి తిత్తులు, హషిమోటో వాపులో (శరీర రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేసే జబ్బు) ఏర్పడ్డ గడ్డలు, ఫాలిక్యులర్ అడినోమాలు (గ్రంథి కణాల నుంచే పెరిగే కణితులు). అచ్చంగా బినైన్ (క్యాన్సర్ కాని) కణితి అని పిలవదగ్గది ఈ చివరిదే. కానీ మన వేళ్ళకి అందేసరికి ఇవన్నీ కలగలిసిపోతాయి కాబట్టి అన్నిటినీ కలిపే చెప్తాను.

పరీక్ష చూపుతో మొదలవుతుంది. పేషెంటుని వెలుగు పక్క నుంచి పడేలా కూర్చోబెట్టండి. ఎదురుగా లైటు పడితే చిన్న ఉబ్బు కనబడదు, పక్క వెలుగులో అదే ఉబ్బు నీడ వేస్తుంది. మెడ పూర్తిగా కనిపించాలి. మన దగ్గర వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళు. పైట, నల్లపూసలు, గొలుసులు, జడ, అన్నీ మెడ మీదే ఉంటాయి. మంగళసూత్రం తీసేయమని అడగాల్సిన అవసరం లేదు, పక్కకి జరిపి పట్టుకోమంటే చాలు. తీయమంటే కొందరు కంగారు పడతారు, ఆ కంగారులో మెడ బిగుసుకుంటుంది, ఇక మీ వేళ్ళకి ఏమీ తెలియదు. గడ్డ ఎప్పుడు గమనించారని అడగండి. గొలుసు బిగుతవుతోందనో, పెళ్ళి ఫొటోలో ఎవరో చూసి అడిగారనో చెప్తారు. పాత ఫొటో ఫోన్‌లో ఉంటే చూపించమనండి. రెండేళ్ళ కిందటి ఫొటోలో కూడా అంతే ఉబ్బు ఉంటే, గడ్డ ఎంత నెమ్మదిగా పెరుగుతోందో తెలిసిపోతుంది.

తర్వాత మింగించండి. దీనికి చేతిలో గ్లాసుతో నీళ్ళు ఉండాలి. నీళ్ళు లేకుండా "మింగండి, మళ్ళీ మింగండి" అంటే రెండోసారికే నోరు ఎండిపోతుంది. "అమ్మా, ఒక గుక్క నోట్లో పెట్టుకోండి, నేను చెప్పినప్పుడు మింగండి" అని చెప్పి, తల కొంచెం వెనక్కి వాల్చమని, అప్పుడు చూడండి. థైరాయిడ్ గ్రంథి శ్వాసనాళం ముందున్న పొరలో ఒదిగి, బెర్రీ లిగమెంట్‌తో క్రైకాయిడ్ మృదులాస్థికి (స్వరపేటిక అడుగున ఉండే రింగుకి) అతుక్కుని ఉంటుంది. మింగినప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది కాబట్టి దాంతో పాటు గ్రంథీ, అందులోని గడ్డా లేస్తాయి. గడ్డ థైరాయిడ్‌దేనా అన్న ప్రశ్నకి ఇది మొదటి జవాబు.

ఇక్కడే రెండు జాగ్రత్తలు. మింగితే లేచేదల్లా థైరాయిడ్ కాదు. థైరోగ్లాసల్ సిస్ట్ (పుట్టకముందు థైరాయిడ్ నాలుక నుంచి దిగిన దారిలో మిగిలే తిత్తి) కూడా లేస్తుంది, స్వరపేటిక ముందుండే లింఫ్ గ్రంథి కూడా లేస్తుంది. నడిమధ్యలో గడ్డ ఉంటే నోరు తెరిచి నాలుక బయటికి చాపమనండి. అప్పుడు కూడా పైకి లాక్కుంటే అది థైరోగ్లాసల్ సిస్ట్ కావచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది. మింగినా కదలని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. చాలా పెద్దగా పెరిగి మెడంతా నిండిన పాత గాయిటర్‌కి (ఉబ్బిన థైరాయిడ్‌కి) కదలడానికి చోటే ఉండదు. ఛాతీలోకి దిగి అక్కడ ఇరుక్కున్నది కూడా సరిగా లేవదు. అందుకని "కదలడం లేదు" అని రాసినప్పుడు దాని సైజు ఎంతో కూడా పక్కనే రాయాలి.

ఇక చెయ్యి వేసే పద్ధతి. మనం రోగి వెనక నిలబడతాం. వెనక నుంచి వచ్చి మెడ పట్టుకుంటే ఎవరికైనా భయం వేస్తుంది. ఏం చెయ్యబోతున్నామో ముందే చెప్పి, ఆడవాళ్ళయితే పక్కన సిస్టరమ్మనో, వాళ్ళతో వచ్చినవాళ్ళనో ఉంచుకుని మొదలుపెట్టండి. చేతులు చల్లగా ఉంటే రుద్దుకోండి. చూసేటప్పుడు తల వెనక్కి వాల్చాం కదా, తడిమేటప్పుడు కొంచెం ముందుకి వంచాలి. కండరాలు అప్పుడే వదులవుతాయి. బొటనవేళ్ళు వెనక మెడ మీద, మిగతా వేళ్ళు ముందుకి. ముందు క్రైకాయిడ్ ఎక్కడుందో వెతికి పట్టుకోండి. దానికి కొంచెం కిందే, రెండో రింగు నుంచి నాలుగో రింగు దాకా శ్వాసనాళానికి అడ్డంగా ఇస్తమస్, అంటే గ్రంథి రెండు సగాలనీ కలిపే నడిమి భాగం, ఉంటుంది. అక్కణ్ణుంచి పక్కలకి జరిగితే లోబులు, అంటే ఆ రెండు సగాలు. చాలామంది వెతకాల్సిన చోటికన్నా పైన, కంఠమణి పక్కన వెతికి "ఏమీ లేదు" అని రాసేస్తారు.

కుడి లోబ్ చూడాలంటే తలని కుడివైపే కొంచెం తిప్పించండి, ఆ వైపు స్టెర్నోమాస్టాయిడ్ కండరం వదులవుతుంది. ఎడమ చేతి వేళ్ళతో శ్వాసనాళాన్ని కుడివైపుకి మెల్లగా నెట్టి పట్టుకుంటే, కుడి చేతి వేళ్ళ కింద లోబ్ స్పష్టంగా వస్తుంది. వేళ్ళు కదపకుండా అలాగే ఉంచి ఒక గుక్క మింగమనండి. గడ్డ మీ వేళ్ళ కింద నుంచి పైకి జారి మళ్ళీ కిందికి వస్తుంది. వేళ్ళు తిప్పుతూ వెతకడం కన్నా గ్రంథిని వేళ్ళ కింద నుంచి పోనివ్వడం వల్ల చాలా ఎక్కువ తెలుస్తుంది. ముందు నుంచి చూసే పద్ధతి లేహీ అనే సర్జన్‌ది, ఒకవైపు లోబ్‌ని నెట్టి రెండో వైపు తడుముతాం. మెడ పొట్టిగా, లావుగా ఉన్నవాళ్ళకి చేతులు తల వెనక కట్టుకుని తలని ఆ చేతులకి ఎదురు నొక్కమంటే గ్రంథి కొంచెం ముందుకి వస్తుంది. ఒక్క హెచ్చరిక: రెండువైపులా కరోటిడ్‌లని (మెదడుకి రక్తం తీసుకెళ్ళే మెడ ధమనులని) ఒకేసారి గట్టిగా నొక్కొద్దు, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళలో.

ఇప్పుడు ఫాలిక్యులర్ అడినోమా వేలికి ఎలా తెలుస్తుందో చెప్తాను. సాధారణంగా ఒక్కటే గడ్డ. చుట్టూ పూర్తి పొర ఉంటుంది కాబట్టి అంచు స్పష్టంగా తెలుస్తుంది, వేలితో చుట్టూ గీత గీసినట్టు తిరగవచ్చు. ఉపరితలం నునుపు. నొక్కితే నొప్పి ఉండదు. మింగితే స్వేచ్ఛగా కదులుతుంది, పక్కలకి కూడా నెడితే కదులుతుంది. మిగతా గ్రంథి మామూలుగా ఉంటుంది. మెడలో లింఫ్ గ్రంథులు చేతికి తగలవు. గొంతు మారదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. గట్టిదనం విషయంలో పాత గురువులు నేర్పిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. మీ పెదవి ముట్టుకోండి, అది మెత్తన. ముక్కు కొస ముట్టుకోండి, అది ఓ మోస్తరు గట్టి. నుదురు ముట్టుకోండి, అది రాయి. అడినోమా ముక్కు కొసలా ఉంటుంది. కొల్లాయిడ్ నాడ్యూల్ పెదవికీ ముక్కుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. నుదురులా తగిలితే జాగ్రత్తపడాలి.

మల్టీనాడ్యులర్ గాయిటర్‌లో (చాలా గడ్డలున్న థైరాయిడ్‌లో) ఇంత శుభ్రమైన చిత్రం దొరకదు. రెండు లోబులూ ఎగుడుదిగుడుగా, ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉంటాయి. అందులో ఒకటి పెద్దదై ముందుకొస్తే మనకి ఒంటరి నాడ్యూల్ అనిపిస్తుంది. చేతికి ఒక్కటే అనిపించిన చాలామందికి స్కాన్‌లో ఇంకొన్ని బయటపడతాయి. సెంటీమీటరు కన్నా చిన్నవీ, వెనక భాగంలో ఉన్నవీ చేతికి దొరకడం కష్టం. హషిమోటోలో గ్రంథి మొత్తం రబ్బరులా గట్టిపడి ఉంటుంది, అంచులు కూడా విడిగా తెలుస్తాయి. ఇస్తమస్ పైన మధ్యలో ఒక చిన్న లింఫ్ గ్రంథి కూడా తగలొచ్చు. దాన్ని డెల్ఫియన్ నోడ్ అంటారు. క్యాన్సర్‌లోనూ అది ఉబ్బవచ్చు కాబట్టి అది దొరికితే ఊరుకోకూడదు.

ఇంతవరకూ విన్నాక "నునుపుగా ఉంది, కదులుతోంది, బినైన్" అని చెప్పేయొచ్చా అని మీకు అనిపించవచ్చు. చెప్పకూడదు. చేత్తో చూసి ఏ గడ్డనీ బినైన్ అని తేల్చలేం. దానికి కారణాలు చూడండి. బాగా నిండిన నీటి తిత్తి రాయిలా తగులుతుంది. ఏళ్ళనాటి కొల్లాయిడ్ నాడ్యూల్‌లో కాల్షియం పేరుకుంటే అదీ రాయిలాగే ఉంటుంది. ఇవి క్యాన్సర్ కాకపోయినా భయపెడతాయి. ఇటువైపు చూస్తే, పాపిల్లరీ క్యాన్సర్ ఒక్కోసారి మెత్తటి తిత్తిలా ఉండి నిశ్చింతగా ఉంచుతుంది. ఫాలిక్యులర్ క్యాన్సర్ సంగతి ఇంకా ఇబ్బంది. అది అచ్చం అడినోమాలా నునుపుగా, గుండ్రంగా, కదులుతూ ఉంటుంది. సూది పెట్టి కణాలు తీసినా రెంటికీ తేడా తెలియదు. కణితి తన పొరని గానీ రక్తనాళాన్ని గానీ ఛేదించిందా అన్నది మొత్తం గడ్డ తీసి పాథాలజిస్టు చూస్తేనే తేలుతుంది. సూదికే తెలియనిది వేలికెలా తెలుస్తుంది?

మరి వేలికి దొరికే విలువైన సమాచారం ఏమిటి? అనుమానం పెంచే గుర్తులు. రాయిలా గట్టిగా ఉండి చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోవడం, మెడ పక్కల గట్టి లింఫ్ గ్రంథులు, కొత్తగా వచ్చిన బొంగురు గొంతు, వారాల్లోనే పెరిగిపోవడం. వీటికి తోడు చిన్నప్పుడు మెడకి రేడియేషన్ ఇచ్చారని గానీ, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందని గానీ చెబితే, చేతికి ఎంత సాధువుగా తగిలినా వదలకండి. కరోటిడ్ నాడిని కూడా చూడండి. పెద్ద బినైన్ గాయిటర్ ఆ ధమనిని వెనక్కి నెడుతుంది, అయినా కొట్టుకోవడం వేలికి తెలుస్తుంది. క్యాన్సర్ దాన్ని చుట్టేస్తే నాడి అందకుండా పోవచ్చు, దీన్నే బెర్రీ సైన్ అంటారు.

ఒక్క పరిస్థితి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది క్యాజువాల్టీకి వస్తుంది, ఇంటిల్లిపాదీ హడలిపోయి వస్తారు. నిన్నటిదాకా నొప్పి లేని గడ్డ రాత్రికి రాత్రి రెట్టింపవుతుంది. నొప్పి చెవి దాకా లాగుతుంది. ముట్టుకుంటే బిగువుగా ఉండి, నొక్కితే నొప్పి. అది చాలావరకు గడ్డ లోపల రక్తస్రావం. బినైన్ నాడ్యూల్‌లో ఇది బాగా తెలిసిన సంగతే. ముందు ఊపిరి ఎలా ఉందో చూడండి. స్ట్రైడర్ (ఊపిరి తీస్తుంటే వచ్చే కీచు శబ్దం) లేకపోతే, మాట తేడా లేకపోతే, నొప్పికి మందిచ్చి, స్కాన్ చేయించి, వాళ్ళ టెన్షన్ తగ్గించవచ్చు. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ 65 దాటిన మనిషిలో కొన్ని వారాలుగా ఆగకుండా పెరుగుతూ, గట్టిగా, కదలకుండా ఉంటే ఇదే కారణం అనుకుని ఊరడించవద్దు. రాత్రికి రాత్రి పెరగడం వేరు, వారం వారం పెరగడం వేరు.

మెడ అయ్యాక చేతులు చూడాలి. అడినోమాల్లో కొన్ని పిట్యూటరీ (మెదడు కింద ఉండి థైరాయిడ్‌ని నడిపించే గ్రంథి) మాట వినకుండా సొంతంగా హార్మోను తయారుచేస్తాయి. మేయో క్లినిక్‌లో హెన్రీ ప్లమ్మర్ 1913లో ఈ తరహా టాక్సిక్ (హార్మోను అతిగా తయారుచేసే) నాడ్యూల్స్‌ని కళ్ళు ఉబికే గాయిటర్, అంటే ఇప్పుడు మనం గ్రేవ్స్ వ్యాధి అనే దాని నుంచి వేరు చేసి చూపించారు. ఆ తేడా ఇవాళ్టికీ మనకి మంచం పక్కనే పనికొస్తుంది. చేతులు చాపించి వేళ్ళ మీద ఒక కాగితం పెట్టండి, సన్నటి వణుకు కాగితం అంచున కనబడుతుంది. అరచెయ్యి వెచ్చగా, చెమటగా ఉంటుంది. నాడి వేగం. పెద్దవాళ్ళలో నాడి లయ తప్పి ఉండొచ్చు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తోనే మొదటిసారి బయటపడేవాళ్ళూ ఉన్నారు. కనురెప్ప వెనకబడటం ఇందులోనూ ఉండొచ్చు. కానీ కనుగుడ్లు నిజంగా ముందుకి రావడం, మోకాలి కింద చర్మం మందమవడం గ్రేవ్స్ వ్యాధి లక్షణాలు, ఒంటరి టాక్సిక్ అడినోమాలో అవి ఉండవు. స్టెతస్కోప్ గ్రంథి పైకొనల మీద పెడితే వినిపించే హోరు కూడా ఎక్కువగా గ్రేవ్స్‌దే. ఈ నాడ్యూల్స్ క్యాన్సర్ కావడం అరుదు కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే పిట్యూటరీ హార్మోను) తక్కువగా వస్తే మనం నడిచే దారే మారుతుంది, సూది కన్నా ముందు న్యూక్లియర్ స్కాన్ అవసరమవుతుంది. అరచెయ్యి పట్టుకున్న ఒక్క నిమిషంలో ఆ దారి వైపు చూపు వెళ్తుంది.

ఇక ఒత్తిడి గుర్తులు. బినైన్ అన్న మాటకి అపాయం లేదని అర్థం చెప్పుకుంటాం కానీ, శ్వాసనాళాన్ని నొక్కే గడ్డకి అది వర్తించదు. మెడ అడుగున, రొమ్ము ఎముక పైన ఉండే గుంటలో మీ చూపుడువేలు పెట్టి శ్వాసనాళం మధ్యలోనే ఉందా, పక్కకి జరిగిందా చూడండి. అక్కడే వేలు ఉంచి మింగమనండి. గడ్డ పైకి లేచినప్పుడు దాని కింది అంచు దాటి మీ వేలు దూరితే సరే. ఎంత మింగినా వేలు కిందికి దూరకపోతే అది ఛాతీలోకి దిగిందని అనుమానించాలి. అలాంటప్పుడు రెండు చేతులూ పైకెత్తి చెవులకి ఆనించి ఉంచమనండి. ఒక నిమిషం ఆగండి. ముఖం ఎర్రబడి, మెడ నరాలు ఉబ్బి, పెదవులు నీలిరంగుకి తిరిగితే అది పెంబర్టన్ సైన్. 1946లో హ్యూ పెంబర్టన్ రాసిన సంగతి, డబ్బు ఖర్చు లేని పరీక్ష. ఆ నిమిషం ఓపిక పట్టకుండా పది సెకన్లకే చేతులు దింపించేస్తే ఏమీ కనబడదు. రోగికి కళ్ళు తిరిగినా, ఊపిరి ఇబ్బందయినా వెంటనే దింపించండి. లోబులని పక్కల నుంచి మెల్లగా నొక్కితే స్ట్రైడర్ రావడం కోచర్ టెస్టు. థైరాయిడ్ సర్జరీకి 1909లో నోబెల్ అందుకున్న కోచర్ పేరు మీదిది. ఇప్పటికే ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళలో దీన్ని చెయ్యొద్దు.

చేతి పరీక్ష అంటే పాతకాలపు పని అనుకునేవాళ్ళకి ఒక తెలుగాయన సంగతి చెప్పాలి. శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదువుకున్న వులిమిరి రామలింగస్వామి గారు, 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలైన అయోడిన్ ఉప్పు అధ్యయనాన్ని నడిపించారు. బడిపిల్లల మెడలని వేళ్ళతో తడిమి, అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన చోట గాయిటర్ తగ్గుతోందని చూపించారు. 1962లో మన దేశంలో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఇలాంటి సర్వేల్లో వాడే కొలత కూడా శరీరంలోనే ఉంది: లోబ్ ఆ మనిషి బొటనవేలి చివరి కణుపు కన్నా పెద్దగా ఉంటే గాయిటర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో చేతికి తెలిసి కంటికి కనబడనిది గ్రేడ్ 1, తల మామూలుగా ఉన్నప్పుడే కనబడేది గ్రేడ్ 2. ఒక దేశపు ఉప్పు విధానానికి వేళ్ళతో తడిమి రాసిన ఆ లెక్కలు ఆధారమయ్యాయి. నాకు ఇది గర్వంగా ఉంటుంది.

కేసు షీటు గురించి. "నిమ్మకాయంత గడ్డ" అని రాయకండి. నిమ్మకాయలు పది సైజుల్లో ఉంటాయి. ఏ లోబులో, పైనా కిందా, ఎన్ని సెంటీమీటర్లు, నునుపా గరుకా, ఎంత గట్టి, మింగితే కదిలిందా, కింది అంచు అందిందా, శ్వాసనాళం ఎక్కడుంది, లింఫ్ గ్రంథులు ఉన్నాయా, గొంతు ఎలా ఉంది. ఒక మెడ బొమ్మ గీసి అందులో గడ్డ గుర్తు పెట్టండి. లేనివి కూడా "లేదు" అని రాయాలి. ఏడాది తర్వాత వచ్చే డాక్టరుకి, లింఫ్ గ్రంథులు చూసి లేవన్నారా, అసలు చూడలేదా అన్నది తెలియాలి కదా.

ఒక ప్రశ్న అడిగారు: టీఎస్‌హెచ్ బాగుంది, స్కాన్ బాగుంది, సూది పరీక్షలో బినైన్ అని వచ్చింది, ఇక మళ్ళీ మెడ ఎందుకు పట్టుకోవాలి? సూది పరీక్ష కూడా అరుదుగా పొరబడుతుంది. గడ్డ రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగిందా లేదా అన్నది మన చేతికి తెలియదు, దానికి మళ్ళీ స్కానే కావాలి. కానీ గడ్డ కొత్తగా గట్టిపడటం, కదలిక తగ్గడం, పక్కన ఇంతకుముందు లేని లింఫ్ గ్రంథి, మారిన గొంతు, కొత్తగా మొదలైన వణుకు, వీటి కోసం వచ్చిన ప్రతిసారీ చూడాలి. రోగికి కూడా తెలుగులో చెప్పి పంపండి: "ఇది క్యాన్సర్ అని ఏ పరీక్షలోనూ రాలేదమ్మా, కంగారు పడొద్దు. రోజూ అద్దంలో నొక్కి చూసుకోవద్దు. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే, మింగడానికి అడ్డం పడుతుంటే, గడ్డ గబగబా పెరుగుతుంటే, మేం ఇచ్చిన తేదీ కోసం ఆగకుండా వచ్చేయండి. ఊపిరి ఆడటం లేదనిపిస్తే మాత్రం అదే గంటలో ఆసుపత్రికి రండి."